చౌడు నేల చచ్చిన నేల కాదు



చౌడు పట్టిన మడిని చూపించి, "అది సచ్చిన భూమి, దాంట్ల గడ్డి గూడ మొలవది" అనడం మన పల్లెల్లో వాడుక. మొలక రాని మాట నిజమే. కాని చచ్చిన భూమి అన్న మాట నిజం కాదు. ఆ మడిలో మన కంటికి ఆనని ప్రాణులు వేలు, లక్షలు కాపురం ఉంటున్నవి. వరి నారు మాడిపోయే చోట అవి తింటున్నవి, ఊపిరి పీలుస్తున్నవి, పిల్లల్ని పెడుతున్నవి. అవి ఎట్లా బతుకుతున్నవో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్ళు పట్టినది. ఆ నూరేళ్ళ చరిత్రను ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఇది కాలక్షేపానికి చెప్పే కథ కాదు. చౌడు మడిని వదులుకోవాలా, బాగు చేసుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ చరిత్రలోనే ఉన్నది.

మొదట చౌడు అంటే ఏమిటో చూద్దాం. మన పెద్దలు దీనిని రెండు రకాలుగా గుర్తించినారు. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకొని, కాలితో తొక్కితే పిండిలాగా పొడి పొడిగా లేచేది పాలచౌడు. తడిస్తే జిగటగా, ఎండితే రాయిలాగా బిగుసుకొని, నీటిని లోనికి ఇంకనీయక, మడిలో నిలిచిన నీరు నల్లటి మురికి రంగు తిరిగేది కారుచౌడు. పాలచౌడులో ఉన్నది ఉప్పు. మంచినీటితో కడిగి మురుగు కాలువ ద్వారా బయటికి పంపితే చాలావరకు పోతుంది. కారుచౌడులో ఉన్నది సోడా, అంటే సోడియం కార్బొనేటు. ఇందులో సోడియం మట్టి రేణువులను పట్టుకొని కూర్చుంటుంది. ఉత్త నీటితో కడిగితే పోదు. ఈ సోడా గుణం తెలిసే వెనుకటి కాలంలో బట్టలుతికేవారు చౌడు మట్టిని తెచ్చి, బట్టలు అందులో నానబెట్టి ఉడకవేసేవారు. సబ్బు అంగడికి రాకముందు మురికి వదిలించినది ఈ మట్టే.

నేల పులుపును, కారాన్ని కొలవడానికి ఒక కొలబద్ద కావలసి వచ్చినది. 1909లో డెన్మార్కు దేశంలో కోపెన్‌హాగెన్ నగరాన, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న సోరెన్‌సన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పి.హెచ్. అనే కొలతను ప్రవేశపెట్టినాడు. ఏడు అంటే అటూ ఇటూ కానిది. ఏడుకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. ఒక అంకె పెరిగినదంటే క్షారం పది రెట్లు పెరిగినదని అర్థం. కనుక 8 ఉన్న నేలకూ, 10 ఉన్న నేలకూ తేడా రెండు కాదు, నూరు రెట్లు. 8.5 దాటిన నేలను కారుచౌడు అని అనుమానించవలసినదే. 9.5, 10 దాకా పోయిన మడులు కూడా ఉన్నవి.

ఇక సూక్ష్మజీవుల సంగతికి వద్దాం. క్షారంలో బతికే జీవిని మొదట పట్టుకున్నది చౌడులో కాదు, మూత్రంలో. పసుల కొట్టంలోకి పోగానే ముక్కుకు ఘాటుగా తగిలే వాసన మీ అందరికీ తెలిసినదే. పశువుల మూత్రంలో ఉన్న యూరియాను సూక్ష్మజీవులు విరిచి అమ్మోనియాగా మార్చడం వలన వచ్చే వాసన అది. 1889లో ఫ్రాన్సు దేశంలో మికెల్ అనే ఆయన ఇట్లా యూరియాను విరిచే ఒక సూక్ష్మజీవిని వేరుచేసి వర్ణించినాడు. తరువాత దానికి పాశ్చర్ మహాశయుని పేరు పెట్టినారు. దీని స్వభావం విచిత్రమైనది. అమ్మోనియా, క్షారం లేకపోతే ఇది సరిగా ఎదగనే ఎదగదు. మనకు ఊపిరి ఆడని ఘాటు దానికి అన్నం. యూరియా విరిచినప్పుడు పుట్టే అమ్మోనియా కణం లోపలినుండి బయటికి పోయే ఒరవడినే అది తన శక్తి కోసం వాడుకుంటుందని 1990 దశకంలో పరిశోధకులు చూపించినారు.

శక్తి అన్న మాట వచ్చినది గనుక ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సూక్ష్మజీవి కాని, మనిషి కాని, వరి మొక్క కాని, తిన్న తిండిలోని శక్తిని ఎట్లా వాడుకుంటుంది? ఈ ప్రశ్నకు 1961లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ ఒక జవాబు చెప్పినాడు. చాలామంది మొదట నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. ఆయన చెప్పిన సంగతిని మన చెరువుతో పోల్చి చూడవచ్చును.

చెరువులో నీరు ఎత్తుగా నిలబడి ఉంటుంది. తూము తీస్తే నీరు కిందికి దూకుతుంది. ఆ దూకే నీటికి అడ్డంగా ఒక చక్రం పెడితే తిరుగుతుంది. జీవకణానికి చుట్టూ ఒక పలుచని పొర ఉన్నది. కణం తిండిని కాల్చి, ఆ బలంతో హైడ్రోజన్ కణికలను పొర బయటికి తోడిపోస్తుంది. బయట అవి చెరువులో నీరులాగా నిండుతవి. పొరలో తూములవంటి దారులున్నవి. ఆ దారుల గుండా కణికలు లోపలికి దూకుతుంటే అక్కడి సన్నని చక్రం గిర్రున తిరుగుతుంది. ఆ చక్రం తిరిగినప్పుడు తయారయ్యేది ఏ.టి.పి. అనే పదార్థం. జీవం చేసే ప్రతి పనికి చెల్లే నాణెం అదే.

ఇప్పుడు చిక్కు చూడండి. క్షారం అంటేనే హైడ్రోజన్ కణికలు తక్కువ ఉన్న చోటు. పి.హెచ్. 10.5 ఉన్న నీటిలో బతికే సూక్ష్మజీవి తన కడుపులో పి.హెచ్.ను 8.2 దగ్గర నిలుపుకుంటుంది. అంతకు మించితే దాని లోపలి యంత్రాంగం చెడిపోతుంది. అంటే బయటికన్నా లోపలే హైడ్రోజన్ కణికలు సుమారు రెండు వందల రెట్లు ఎక్కువ. చెరువు ఎండి, పొలంలో నీళ్ళు నిండినట్లయినది. తూము తీస్తే నీరు ఎటు పోవాలి? పొలంనుండి చెరువులోకి పోవాలి. మరి చక్రం తిరిగేదెట్లా? మిచెల్ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నవారికి కూడా ఈ ప్రశ్న ఎన్నో ఏళ్ళు కొరుకుడు పడలేదు.

ఈ జీవులను శ్రద్ధగా వెదికినవాడు జపాను దేశపు కోకి హోరికోషి. పులియబెట్టే పనులన్నీ పులుపులోనో, సమంగానో జరుగుతున్నవి, క్షారంలో వెదికితే వేరే లోకం ఉండవచ్చును గదా అని ఆయనకు 1968లో తోచినది. పిడికెడు మట్టి తెచ్చి సోడా కలిపిన తిండిలో వేసి పెంచినాడు. తెల్లవారేసరికి జీవులు నిండుగా పెరిగినవి. వాటికోసం సముద్రాలు దాటవలసిన పని లేకపోయినది. మామూలు తోట మట్టిలో కూడా అవి దొరికినవి. 1971లో ఆయన ఆ జీవులు తయారుచేసే, మాంసపు మరకను కరిగించే ఒక రసం గురించి ప్రకటించినాడు. ఈనాడు మీరు కొనే బట్టల పొడిలో మరకలు వదిలించే రసాలు ఇట్లాంటి క్షారజీవులనుండి వచ్చినవే. చౌడు మట్టితో బట్టలుతికిన మన పెద్దల పనికీ, దీనికీ దూరపు చుట్టరికం కలదు.

జపానులోను, న్యూయార్కులో టెర్రీ క్రుల్‌విచ్ అనే శాస్త్రజ్ఞురాలి ప్రయోగశాలలోను ముప్పై నలభై ఏళ్ళు జరిగిన పనివలన ఆ చిక్కు క్రమంగా విడిపోయినది. క్షారంలో బతకడానికి ఈ జీవులు నాలుగు ఉపాయాలు పట్టినవి.

మొదటిది, గోడ. కణం చుట్టూ పులుపు గుణం ఉన్న పదార్థాలతో గోడ కట్టుకుంటుంది. అది క్షారాన్ని కొంత ఆపి, హైడ్రోజన్ కణికలను దగ్గరగా పట్టి ఉంచుతుంది.

రెండవది, విద్యుత్తు. హైడ్రోజన్ కణికల సంఖ్యలో ఎదురుదెబ్బ తగిలినా, పొరకు లోపలి వైపు ఋణ విద్యుత్తును బాగా పెంచుకుంటుంది. ధన విద్యుత్తు ఉన్న హైడ్రోజన్ కణికను ఆ ఆకర్షణ లోపలికి లాగుతుంది. నీరు పల్లంనుండి మిట్టకు పోదు గాని, మోటారు పెడితే పోతుంది గదా, అట్లాగన్నమాట.

మూడవది, చక్రం. మన కడుపులో ఉండే మామూలు సూక్ష్మజీవి చక్రానికి పది పళ్ళు ఉంటే, న్యూయార్కువారు పెంచిన ఒక క్షారజీవి చక్రానికి పదమూడు పళ్ళు ఉన్నవి. పళ్ళు ఎక్కువైతే ఒక్క చుట్టుకు ఎక్కువ కణికలు కావాలి. కాని ఒక్కొక్క కణిక వేసే తోపు బలహీనమైనా చక్రం తిరుగుతుంది. పారకం తక్కువ ఉన్న కాలువకు తగిన చక్రం బిగించుకున్నట్లు.

నాలుగవది మనకు ముఖ్యమైనది, సోడియం. ఈ జీవి పొరలో ఒక ఇచ్చిపుచ్చుకునే వాకిలి ఉన్నది. అది ఒక చేత్తో సోడియంను బయటికి తోస్తూ, ఇంకొక చేత్తో హైడ్రోజన్ కణికను లోపలికి లాగుతుంది. అందువల్ల కడుపు క్షారం కాకుండా నిలుస్తుంది. ఈ వాకిలిని తయారుచేసే జన్యువును హోరికోషి బృందం 1994లో ప్రకటించినది. అది చెడిన సూక్ష్మజీవి క్షారంలో పెరగలేకపోయినది. అంతేగాక, బయటికి తోసిన సోడియం మళ్ళీ లోపలికి వచ్చేటప్పుడు ఊరకే రాదు, తిండిని వెంటబెట్టుకొని వస్తుంది. ఈదే తోకను కూడా ఆ సోడియం పారకమే తిప్పుతుంది. మన మడిని చంపిన సోడియమే ఆ జీవికి కూలీగా పనిచేస్తున్నదన్నమాట!

ఇంతవరకు విన్నవారు "ఇదంతా బాగనే ఉన్నది గని, మా మడికేం లాభం?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు మన దేశపు చరిత్రకు వస్తున్నాను.

ఉత్తరాదిన గంగా, యమునల మైదానంలో కాలువలు తవ్విన తరువాత చౌడు పెరిగిపోయి 1870 దశకంలోనే పెద్ద గోల అయినది. అక్కడ దానిని ఊసర భూమి అంటారు. వానాకాలంలో ఆ ఊసర నేలల మీద నల్లపచ్చగా, తోలులాగా ఒక నాచు పరుచుకుంటుంది. దీనిని నీలిఆకుపచ్చ నాచు అంటారు. పేరుకు నాచే గాని, జాతికి ఇదికూడా సూక్ష్మజీవే. 1939లో పి.కె. డే గారు వరి మడులలో ఈ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుందని చూపించినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆర్.ఎన్. సింగ్ గారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ నాచును పెంచి ఊసర భూములను బాగు చేయవచ్చునని 1950లో ప్రకటించినారు. అది ఇంగ్లండులోని నేచర్ పత్రికలో అచ్చయినది.

ఈ నాచుకు కావలసిన శక్తి ఎండనుండి వస్తుంది. క్షారపు నీటిలో బొగ్గుపులుసు గాలి బైకార్బొనేటు రూపంలో ఉంటుంది. దానిని సోడియం సహాయంతో లోపలికి లాక్కునే దారులు నాచుకు ఉన్నవి. ఇట్లాంటి ఒక నాచు పెరగడానికి సోడియం తప్పక కావాలని అమెరికాలో ఆలెన్, ఆర్నన్ అనేవారు 1955లో రుజువు చేసినారు. మన పొరుగున మహారాష్ట్రలో బుల్ఢానా జిల్లా లోణార్ సరస్సు ఉన్నది. ఆకాశంనుండి ఉల్క పడి ఏర్పడిన గుంట అది. దాని నీటి పి.హెచ్. పదికి దగ్గరగా ఉంటుంది. చేప బతకని ఆ నీటిలో ఇట్లాంటి నాచు దండిగా పెరుగుతుంది.

మరి సింగ్ గారి మాట ప్రకారం నాచు చల్లితే చౌడు పోతుందా? ఇక్కడ తొందరపడకూడదు. 1969లో కర్నాలులో కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ ఏర్పడిన తరువాత ఏళ్ళ తరబడి పొలాలలో జరిగిన పని చెప్పేదేమంటే, మట్టి రేణువును పట్టుకున్న సోడియంను వదిలించేది సున్నపు ధాతువు, అంటే కాల్షియం. దాని కోసం జిప్సమ్ వేయాలి. నాచు నేల పైపొరకు నత్రజని ఇస్తుంది, జీవపదార్థం ఇస్తుంది, మట్టిని కట్టి ఉంచుతుంది. ఇది మేలే. కాని జిప్సమ్ చేసే పని నాచు ఒక్కటే చేయలేదు. ఎవరైనా సీసాలో సూక్ష్మజీవుల మందు తెచ్చి, ఇది చల్లితే చాలు, చౌడు మాయమవుతుందంటే, ఆ మాట నమ్మి పైసలు పోగొట్టుకోవద్దు.

అయితే సూక్ష్మజీవులు చేసే ఇంకొక పని ఉన్నది. అది వాటి ఊపిరి. మన నల్లరేగడిలో సున్నపు గులకలు ఉండడం మీరు చూసే ఉంటారు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాలలోని నల్లరేగడికి నేలల శాస్త్రంలో కాసిరెడ్డిపల్లి శ్రేణి అని పేరు. ఎర్రనేలకు పటాన్‌చెరు శ్రేణి అని పేరు. ఆ నల్లరేగడి పి.హెచ్. ఎనిమిది పైచిలుకు. అందులో సున్నం ఉన్నది, కాని అది రాయిలాగా కదలకుండా పడి ఉన్నది. పచ్చిరొట్ట, పెంట వేసి దున్నితే సూక్ష్మజీవులు దానిని తిని, బొగ్గుపులుసు గాలి వదులుతవి. అది నీటిలో కరిగి పలుచని పులుపు అవుతుంది. ఆ పులుపు సున్నపు గులకను కరిగిస్తుంది. కరిగిన కాల్షియం సోడియంను తోసివేస్తుంది. జీలుగ వేసి దున్నిన మడి ఎందుకు బాగుపడుతుందంటే, ఇదే కారణం. సూక్ష్మజీవి తన శక్తి కోసం పడే కష్టమే మన నేలకు మందు.

నాణేనికి రెండవ వైపు కూడా చెప్పాలి. 1895లో హాలండు శాస్త్రజ్ఞుడు బెయ్‌రింక్ గాలి అందని బురదలో బతికే ఒక జీవిని కనుగొన్నాడు. మనకు ప్రాణవాయువు ఎట్లాగో, దానికి సల్ఫేటు అట్లాగు. బురదలో కుళ్ళిన గుడ్ల వాసన దాని ఊపిరే. నీరు నిలిచిన పల్లపు భూమిలో సోడియం సల్ఫేటు ఉంటే, ఆ జీవి సల్ఫేటును వాడుకొని సోడియంను వదిలిపెడుతుంది. దాని ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి ఆ సోడియంతో కలిసి సోడాగా మారుతుంది. పల్లపు నేలలలో సోడా ఇట్లా పుడుతుందని అమెరికాలో విటిగ్, జానిట్జ్‌కీ అనే ఇద్దరు 1963లో వివరించినారు. అంటే మురుగు పోనీయకుండా మడిని నిలవ నీటిలో వదిలితే, సూక్ష్మజీవులే పాలచౌడును కారుచౌడుగా మార్చగలవు. మందుకూ రోగానికీ మధ్య తేడా ఒక్క మురుగు కాలువ.

జిన్నారం రైతులకు ఈ మాట మరీ అవసరం. ఈ మండలం 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి, ఆ పైన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చినది. 1970 దశకంనుండి పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగినవి. వాటి మురుగు కుంటలలోకి, నక్కవాగులోకి చేరి, అక్కడినుండి మంజీరకు పోయినది. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీం కోర్టులో దావా పడి, పాడైన పొలాల పరిహారం సంగతి కూడా అందులో విచారణకు వచ్చినది. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, పటాన్‌చెరు మురుగు శుద్ధి కేంద్రంనుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నట్లు తేలినది. సూక్ష్మజీవులను చంపడానికి వాడే మందు అది. క్షారానికి అలవాటు పడిన ప్రాణులు మందుకు కూడా అలవాటు పడగలవు. ఆ వాగు నీటిలో, మట్టిలో మందుకు లొంగని సూక్ష్మజీవులను తరువాతి పరిశోధకులు గుర్తించినారు. ప్రాణి ఏ ఇబ్బందికైనా దారి వెతుక్కుంటుంది. ఆ దారి మనకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది మనం నేలకు ఏమి పెడుతున్నామో దానిమీద ఆధారపడి ఉన్నది.

కనుక చేయవలసిన పనులు వరుసగా చెబుతున్నాను, మనసులో పెట్టుకోండి.

ఒకటి, మట్టినీ, బోరు నీటినీ రెండింటినీ పరీక్ష చేయించండి. నేల బాగున్నా నీటిలో సోడియం, బైకార్బొనేటు ఎక్కువుంటే మూడు నాలుగేళ్ళలో మడి కారుచౌడు కాగలదు. ఫ్యాక్టరీ మురుగు కలిసిన నీరని అనుమానం ఉంటే ఆ నీటిని మడికి పెట్టవద్దు. జిప్సమ్ సోడియంకు మందు గాని, రసాయనాలకు మందు కాదు.

రెండు, జిప్సమ్ ఎంత వేయాలో పరీక్ష చీటీయే చెబుతుంది. చీటీలో వచ్చిన పూర్తి మోతాదులో సగం వేసినా వరికి చాలునని కర్నాలువారి అనుభవం. వేసినదానిని లోతుగా దున్నకుండా పైమట్టిలోనే, నాలుగంగుళాల లోపల కలపండి. నీరు నిలగట్టి, తరువాత ఆ నీటిని మురుగు కాలువలోకి వదలండి. మురుగు కాలువ లేకుండా జిప్సమ్ వేస్తే, కడగని గాయానికి కట్టు కట్టినట్లే.

మూడు, జిప్సమ్ వేసి కడిగిన తరువాత జీలుగ చల్లి, పూతకు రాకముందే కలియదున్నండి. పెంట ఉన్నంత వేయండి. సూక్ష్మజీవులకు తిండి పెట్టనిదే అవి పని చేయవు.

నాలుగు, మొదటి పంటగా వరి వేయండి. చౌడును తట్టుకునే రకాన్ని, కాస్త ముదురు నారును, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువగా నాటండి. జింకు లోపం తప్పదు గనుక జింకు సల్ఫేటు మరువవద్దు.

ఐదు, యూరియాను ఒక్కసారే చల్లవద్దు. పసుల కొట్టంలో ఘాటు వాసన చెప్పుకున్నాము గదా. క్షారపు మడిలో యూరియా అట్లాగే విరిగి, అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. మీ పైసలు గాలికి పోతవి. రెండు మూడు దఫాలుగా, మడిలో నీరు తీసి, బురదలో కలిసేటట్లు వేయండి.

గ్రామసేవకులకు, వ్యవసాయ విస్తరణ అధికారులకు ఒక మనవి. చౌడు మడిని చూపించి రైతు "సచ్చిన భూమి" అన్నప్పుడు, ఆ మాటను అట్లాగే వదిలివేయవద్దు. ఒక పిడికెడు మట్టి పరీక్షకు పంపండి. మికెల్, హోరికోషి, డే, సింగ్ గారలు కూడా పిడికెడు మట్టిలోనో, చుక్క నీటిలోనో వెదికినవారే. ఆ నేలలో జీవం ఉన్నదని వాళ్ళు రుజువు చేసి పెట్టినారు. దానికి కాల్షియం, పచ్చిరొట్ట, మురుగు దారి ఇవ్వడం మన వంతు.